గొడవ ప్యాడ్స్ గురించి కాదక్కా

ప్రశ్న:

వందనాలు సిస్టర్. మాది ప్రకాశం జిల్లా, ఒంగోలుకి దగ్గర్లో పల్లెటూరు. మా మామగారి తాతల కాలం నుంచి బాప్టిస్టు సంఘమే. మా వారు రిటైర్డ్ టీచరు, సంఘంలో డీకను (సంఘ పెద్ద), డబ్బు లెక్కలు కూడా ఆయనే చూస్తారు. బాబు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, 27 ఏళ్లు. అక్కడ ఒక ఫంక్షన్ హాల్లో జరిగే చర్చికి వెళ్తున్నాడు, పెద్ద పెద్ద తెరలు, లైట్లు, బ్యాండు. దసరాకి వచ్చినప్పుడు ఆదివారం మన గుళ్ళో ఒక పాట పాడతానన్నాడు, పాస్టర్ గారు సరేనన్నారు. ప్యాడ్స్ (కరెంటుతో పనిచేసే డ్రమ్ములు) తెచ్చి, లాప్‌టాప్‌లో ట్రాక్ పెట్టి మొదలుపెట్టాడు. ఎప్పట్నుంచో తబలా వాయించే పెద్దాయన ఒకరున్నారు, ట్రాక్ మొదలవగానే ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయారు. పాట సగంలో ఉండగా మా వారు లేచి వెళ్ళి ప్లగ్గు పీకేశారు. ఇంటికొచ్చాక పెద్ద రభస. "నువ్వు లోకంతో రాజీపడిపోయావు, నువ్వెళ్ళేది చర్చి కాదు సినిమా హాలు" అని ఆయన. "రాజీ గురించి మీరు చెప్పొద్దు నాన్నా, సంఘం లెక్కలు చదివి ఎన్నేళ్లయింది, నా సర్టిఫికెట్లో హిందూ అని రాయించింది ఎవరు" అని వాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. క్రిస్మస్‌కి రానా వద్దా అని నన్నడుగుతున్నాడు. తప్పు ఎవరిది సిస్టర్? వాడు దేవునికి దూరమైపోతాడేమోనని నా భయం. ఆ చర్చిలోనే ఒక అమ్మాయి నచ్చిందంటున్నాడు, గుంటూరు లూథరన్ వాళ్ళు, రక్షణ అనుభవం ఉన్న పిల్లే, కానీ మనవాళ్ళు కాదు, అది వేరే గొడవ లెండి. రోజూ ప్రార్థన చేస్తున్నాను.
ఒక తల్లి

జవాబు:

అక్కా, వందనాలు. మీ ఉత్తరం చదివి చివర్లో "అది వేరే గొడవ లెండి" అన్న దగ్గర ఆగిపోయాను. అది వేరే గొడవ కాదేమో అని నా అనుమానం, అసలు గొడవ అదే అయ్యుండొచ్చు. కానీ మీరు అడిగిన వరసలోనే వస్తాను, లేకపోతే మీ ప్రశ్న దాటేశానని అనుకుంటారు.

ముందు ప్యాడ్స్ సంగతి, ఇది తొందరగా తేల్చేద్దాం. ప్యాడ్స్ వాయిస్తే లోకంతో రాజీ అయిపోదు. బావగారికి కోపం రావచ్చు గానీ, ఆయన రోజూ పాడే కీర్తనల పుస్తకం ఒకసారి తెరిచి చూడమనండి, చాలా కీర్తనల పైన రాగం పేరు, తాళం పేరు అచ్చేసి ఉంటాయి. ఆ రాగాలు యెరూషలేం నుంచి రాలేదు కదా, మన కచేరీల్లోంచి, భజనల్లోంచి వచ్చినవే. ఇక హార్మోనియం అయితే 1842లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్న పెట్టె, మిషనరీల కాలంలో మన దగ్గరికి చేరింది. ఇంకో తమాషా ఏంటంటే ఇది మన సంగీతాన్ని పాడు చేస్తోందని ఆల్ ఇండియా రేడియో వాళ్ళు 1940 నుంచి 1971 దాకా దాన్ని స్టూడియోలోకి రానివ్వలేదు. అలాంటి హార్మోనియం ఇప్పుడు మనకి భక్తి, ప్యాడ్స్ ఏమో లోకంతో రాజీ. ఇంకో ముప్పై ఏళ్ళకి మీవాడే ఏదో సంఘంలో పెద్దయి, అప్పటి పిల్లలు తెచ్చే ఇంకేదో చూసి, మా రోజుల్లో ప్యాడ్స్‌తో ఎంత భయభక్తులతో పాడేవాళ్ళమో అంటాడు, రాసిపెట్టుకోండి.

అలాగని మీవాడు చేసింది బాగుందని కాదు. మీరు ఒక్క వాక్యంలో రాసిన ఆ తబలా పెద్దాయన సంగతి నాకు ప్లగ్గు పీకడం కంటే ఎక్కువ గుచ్చుకుంది. ట్రాక్ అనేది ముందే రికార్డు చేసి పెట్టింది, దానికి ఎదుటి మనిషితో పనిలేదు, ఆయన కాస్త నెమ్మదిగా వాయిస్తే అది ఆగదు, ముసలమ్మలు ఒక చరణం మళ్ళీ ఎత్తుకుంటే తిరిగి రాదు. మన పల్లె గుళ్ళల్లో పాట ఎలా సాగుతుందో మీకు తెలుసు కదా, ఎవరో ఒకమ్మ గొంతు చించుకుని పల్లవి ఎత్తుకుంటే తబలా ఆమె వెనకాల పరిగెత్తాలి. మీవాడు ముందురోజు సాయంత్రం ఆయన ఇంటికెళ్ళి "తాతా, రేపు ఈ పాట పాడదామనుకుంటున్నా, మీరెలా వాయిస్తారు" అని అడిగుంటే కథ ఇంకోలా ఉండేది. వాయిద్యం తేవడం తప్పు కాదు, చిన్నప్పట్నుంచి తనకి తాళం వేసిన మనిషిని పక్కకి నెట్టేసి అది ఆరాధన అనుకోవడం మాత్రం తప్పే, ఇది వాడికి మీరే చెప్పాలి, నాన్న చెప్తే వినడు ఇప్పుడు.

బైబిల్లో ఎజ్రా మూడో అధ్యాయంలో ఒక సంగతి ఉంటుంది, మీరు చదివే ఉంటారు. బబులోను చెర నుంచి తిరిగొచ్చి కొత్త మందిరానికి పునాది వేస్తుంటే, పాత మందిరాన్ని కళ్ళారా చూసిన ముసలివాళ్ళు గట్టిగా ఏడ్చారు, మిగతావాళ్ళు సంతోషంతో కేకలేశారు, ఏది ఏడుపో ఏది కేకో దూరం నుంచి వినేవాళ్ళకి తెలియలేదు అని ఉంటుంది. అక్కడ ఎవర్నీ ఎవరూ నోరు మూసుకోమనలేదు, నాకు ఆ మాట ఇష్టం. ఏడ్చినవాళ్ళని మీకు విశ్వాసం లేదని కుర్రాళ్ళు అనలేదు, కేకలేసినవాళ్ళని మీకు భయభక్తులు లేవని పెద్దలు అనలేదు, కనీసం రాయలేదు.

ఇప్పుడు లెక్కల దగ్గరికొద్దాం. మీవాడి నోరు దురుసే, ఒప్పుకుంటా, కానీ అడిగింది న్యాయమైన ప్రశ్న. బావగారు డబ్బు తిన్నారని నేను అనట్లేదు, వాడూ అనుండడు. పల్లె సంఘాల్లో జరిగేది చాలాసార్లు దొంగతనం కాదు, బద్ధకం, మొహమాటం. కోతల పండగకి వేలంపాట పెడతారు, ఎవరో హైదరాబాద్ నుంచి వచ్చినాయన గుమ్మడికాయని నాలుగు వేలకి పాడతాడు, అందరూ చప్పట్లు కొడతారు, ఆ నాలుగు వేలు తర్వాత వచ్చాయా లేదా ఎవరూ అడగరు, అడిగితే ఆయన నొచ్చుకుంటాడని. ఫ్యాను ఇచ్చినాయన పేరు ఫ్యాను రెక్కల మీద ఉంటుంది, కుర్చీలిచ్చినాయన పేరు కుర్చీ వెనకాల ఉంటుంది, వారం వారం కొంగుముడి విప్పి ఇరవై రూపాయలు వేసే అవ్వ పేరు మాత్రం ఎక్కడా ఉండదు, ఆమెకి లెక్క చెప్పేవాడూ ఉండడు. పౌలు యెరూషలేం బీదల కోసం చందా పోగుచేసినప్పుడు ఒక్కడే పట్టుకుపోలేదు, ఎవరూ తప్పు పట్టకుండా ఉండాలని ఇంకొందరిని తోడు పెట్టుకున్నాడు, దేవుని ఎదుటే కాదు మనుషుల ఎదుట కూడా యోగ్యంగా ఉండాలని రాశాడు, రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయం. బావగారు ఎన్నో పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి, ఒక పుస్తకంలో రాబడి ఖర్చు రాసి ఆదివారం ఆరాధన అయ్యాక చదవడం ఆయనకి పెద్ద పని కాదు. చదివితే కొడుకు దగ్గర ఓడిపోయినట్టు అనిపిస్తుంది, అదే ఇబ్బంది. కొడుకు అడిగాడని కాకుండా సంవత్సరం అయిపోతోంది కాబట్టి డిసెంబరులో చదవమనండి, ఏ సంఘంలో అయినా అది మామూలే, ఆయన పరువు ఎక్కడికీ పోదు.

సర్టిఫికెట్ మాట చాలా బరువైనది, వాడు దాన్ని రాయిలాగా విసిరాడు. ఇక్కడ నేను బావగారి పక్కనే. వాడికి ఈ చరిత్ర ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా అని అడగాలనిపిస్తోంది. 1950లో వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు, అందులో మూడో పేరా, హిందువు కానివాడు ఎస్సీ కాదంది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తీశారు, క్రైస్తవులకి, ముస్లింలకి తియ్యలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళని బీసీ-సి అన్నారు, ఒక్క శాతం రిజర్వేషను. ఊళ్ళో మాత్రం ఎవడూ మనల్ని బీసీ-సి అని పిలవలేదు, టీ కొట్టు దగ్గర విడి గ్లాసు పెట్టినప్పుడు నువ్వు బాప్తిస్మం తీసుకున్నావా అని ఎవడూ అడగలేదు. ఒక తండ్రి, కొడుకు చదువు ముందు ఒకటి, నోటితో ఒప్పుకున్న విశ్వాసం ముందు ఒకటి, రెండు కాగితాలు పెట్టుకుని రాత్రంతా కూర్చుంటే అది ఎలా ఉంటుందో ఆ సర్టిఫికెట్‌తో ఫీజు కట్టించుకుని ఇంజనీరింగ్ చదివినవాడు అంత తేలిగ్గా అనకూడదు. అయినా వాడికి గుచ్చుకున్నదీ నిజమే, చిన్నప్పుడు "మనుషుల ఎదుట నన్ను ఒప్పుకొనువాడు" అని కంఠస్థ వాక్యం నేర్పిన ఇంట్లోనే ఎమ్మార్వో ఆఫీసులో ఇంకోటి రాయించారు కదా. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా పుదుచ్చేరి అమ్మాయి కేసులో, నమ్మకం మారకుండా రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమే అంది. అంటే ఇది మన ఇళ్ళల్లో గొణుక్కుని ఊరుకునే స్థాయి దాటిపోయింది. నాకు చట్టం మీద కోపం ఉంది, ఆ ఇరుకులో పడ్డ కుటుంబాల మీద లేదు. ఆ కోపం కూడా పల్పిట్ మీంచి ఎప్పుడూ వినపడకపోవడం, సంఘం మొత్తం దాని గురించి డెబ్బై ఏళ్లుగా పెదవి విప్పకుండా పిల్లల దగ్గర ఏమీ లేనట్టు నటించడం మాత్రం రాజీయే అంటాను. దీని మీద తండ్రీకొడుకులు వాదించుకోనక్కర్లేదు. బావగారు ఒక్కసారి "ఆ రోజు నాకు ఇలా అనిపించింది రా" అని చెప్తే చాలు, వాడు మళ్ళీ ఆ రాయి ఎత్తడు, నాకు నమ్మకం ఉంది.

సరే, ఇప్పుడు ఆ అమ్మాయి.

ఒంగోలు బాప్టిస్టు, గుంటూరు లూథరన్ అని మీరు రాశారు, మనవాళ్ళు కాదన్నారు. మన ప్రాంతం వాళ్ళు చదివితే మీరు విప్పి చెప్పకుండానే సగం మందికి అర్థమైపోతుంది. మాల, మాదిగ అన్న కులాల పేర్లు నోట్లోంచి రాకుండా డినామినేషన్ (సంఘ శాఖ) పేర్లతో పని కానిచ్చేయడం మనకి బాగా అలవాటు, పెళ్ళిచూపుల దగ్గర "వాళ్ళది ఏ మిషను" అని అడిగితే ఎవరూ సంఘ సిద్ధాంతం తెలుసుకుందామని అడగట్లేదు కదా.

దీనికి మీ ఊరి చరిత్రలోనే జవాబుంది. 1866లో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చినప్పుడు జరిగిన సంగతి బావగారికి నాకన్నా బాగా తెలిసుంటుంది, ఉజ్జీవ కూటాల్లో ఎన్నిసార్లు చెప్పుంటారో. యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగాయన, ఆయన వెనక ఊళ్ళకి ఊళ్ళు రావడం మొదలైంది. అప్పుడు అగ్రకులాల వాళ్ళు వీళ్ళని చేర్చుకుంటే మేం రాం, మా పిల్లల్ని మీ బడికి పంపం అన్నారు. మిషనుకి పరువు, పలుకుబడి అంతా వాళ్ళ దగ్గరే ఉంది, సర్దుకుపోవడానికి అంతకంటే మంచి కారణం ఇంకేం కావాలి. క్లౌ, ఆయన భార్య వేరువేరు గదుల్లో కూర్చుని బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందని చెప్తారు, మొదటి కొరింథీ ఒకటో అధ్యాయం, మీలో లోకరీతిగా జ్ఞానులు, ఘనులు అనేకులు పిలవబడలేదు అన్న వచనం. పేరయ్య వాళ్ళనే చేర్చుకున్నారు, బడి పిల్లలు పోతే పోయారు. మీ సంఘం, మీ మామగారి తాత బాప్తిస్మం, బావగారి టీచరు ఉద్యోగం, మీవాడి హైదరాబాదు, ఇవన్నీ అక్కడ నుంచి వచ్చినవే. ఆ రోజు ఆ దొర కూడా "మనవాళ్ళు కాదు" అనుంటే మనం ఈ ఉత్తరాలు రాసుకునేవాళ్ళం కాదు.

ఇంకొకటి కూడా చెప్తా, ఇది మీవాడికి పనికొస్తుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి దగ్గర వెలంపల్లిలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకె మన జిల్లాలో చాలామంది బాప్టిస్టులకి నోటికొచ్చు, రెండూ రెండూ రెండూ రెండూ. దానికి ముందు జరిగింది మాత్రం ఎవరూ అంతగా చెప్పరు. అది పెద్ద కరువు కాలం, 1876 నుంచి 78 దాకా. జనం చచ్చిపోతుంటే క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వాళ్ళకి కూలి పని చూపించారు. పని దగ్గర వేలమంది, సాయంత్రాలు వాక్యం చెప్పేవాళ్ళు, చాలామంది మాకు బాప్తిస్మం ఇవ్వండని అడిగారు. ఇవ్వలేదు. కూలి కోసం, బియ్యం కోసం వస్తున్నారేమోనని కరువు సాయం నడుస్తున్నన్నాళ్ళూ ఆపేశారు, ఏడాదికి పైనే. అమెరికాలో డబ్బు పంపేవాళ్ళకి రాసుకోవడానికి ఎంత పెద్ద అంకె అయ్యుండేదో ఆలోచించండి. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు కాబట్టే ఆ 2222కి విలువ.

మీవాడి చర్చి ఎలాంటిదో నాకు తెలియదు, మంచిదే అయ్యుండొచ్చు, లైట్లున్నాయని తప్పు పట్టను. కానీ వాడు నాన్నని అడిగిన ప్రశ్నలే అక్కడ కూడా అడిగాడా? క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వేసే దశమభాగానికి (జీతంలో పదోవంతు కానుకకి) లెక్క ఎవరు చదువుతున్నారు? అక్కడ డీకన్లున్నారా, లేక పాస్టర్ గారు, అమ్మగారు, వాళ్ళ తమ్ముడేనా? "విత్తనం వెయ్యండి, నూరంతలు కోస్తారు" అన్నప్పుడు వాడికి కాలువ గట్టు మీద క్లౌ దొర ఆపేసిన బాప్తిస్మాలు గుర్తొస్తాయా? హాల్లో అందరూ ఇరవైల్లో ముప్పైల్లో ఉన్నవాళ్ళే, ఒకే రకం జీతాలు, ఒకే రకం ఫోన్లు, పక్షవాతం వచ్చి పడిపోయిన మనిషి ఇంటికి వారం వారం వెళ్ళి ఒళ్ళు తుడిచొచ్చే పని అక్కడ ఎవరిది? పాతకాలపు సంఘంలో ఎన్ని లోపాలున్నా చావుకి రాత్రి రెండింటికైనా పదిమంది వచ్చి కూర్చుంటారు, ఉదయానికి గుంట తవ్వే మనుషులు తయారుగా ఉంటారు. మీవాడు వదిలేసి వెళ్ళింది అది కూడా, ఆ సంగతి వాడికి ఇంకా తెలియలేదు, ఆ వయసులో తెలియదు కూడా. నాన్న సంఘంలో పెద్దల చేతిలో అధికారం ఎక్కువైందని తిట్టిన పిల్లలే ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని ఒక్క మనిషి దగ్గరికి వెళ్ళి కూర్చోవడం నేను చాలా చూశాను, అక్కడ అడిగేవాడే ఉండడు, తీసెయ్యడానికి కమిటీయే ఉండదు.

మన పెద్దలు ఈ మాట విని గడ్డం సవరించుకోనక్కర్లేదు. సువార్తికుడు బక్త్ సింగ్ గారు 1941లో మద్రాసులో మిషన్లకి వేరుగా కూడుకోవడం మొదలుపెట్టినప్పుడు, తర్వాత హైదరాబాదులో ఆయన సంఘాల కేంద్రం హెబ్రోను వచ్చినప్పుడు, చెప్పులు బయట విప్పి చాపల మీద కూర్చుని అందరూ కలిసి భోంచేసే ఆ సంఘాలకి మన పాత మిషన్ల నుంచే ఎంతమంది వెళ్ళారో. అప్పుడు కూడా గొర్రెల్ని ఎత్తుకుపోతున్నారని మన పెద్దలే అన్నారు. వాళ్ళు ఎందుకు వెళ్ళారో అడిగి తెలుసుకున్నవాళ్ళు తక్కువ. మీ సంఘంలో యవనస్థులకి ఇచ్చే పనులేంటో ఒకసారి గుర్తుచేసుకోండి, క్రిస్మస్‌కి స్టార్ కట్టడం, కుర్చీలు సర్దడం, మైకు సరిచెయ్యడం. డీకన్ల మీటింగులో కూర్చుని వాడి మాట ఒకటి వినేది ఎప్పుడంటే, వాడికీ తల నెరిశాక. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే మన దేశం నుంచి వెళ్ళిన అజరయ్య గారు, తర్వాత రెండేళ్ళకి దోర్నకల్ బిషప్ అయిన ఆయన, అక్కడి తెల్లదొరలతో మీరు మాకోసం ఎన్నో త్యాగాలు చేశారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. అప్పటికి ఆయన వయసు నలభై లోపే. బిడ్డల్లాగా చూస్తున్నారు గానీ పక్కన కూర్చోనివ్వట్లేదని ఆయన బాధ. మీవాడి బాధ కూడా అంతకంటే పెద్దదేం కాదనుకుంటున్నా, వాడు దాన్ని లాప్‌టాప్‌తో, నోటితో చెప్పాడు, అదే గొడవైంది.

ఇప్పుడు మీరేం చెయ్యాలి. ముందు ఇద్దరి మధ్య వార్తలు మొయ్యడం ఆపండి. "నాన్న ఇలా అన్నారు", "వాడు అలా అన్నాడు" అని మీరు మోసే ప్రతి మాటకీ మధ్యలో మీ భయం కలిసి ఇంకాస్త బరువెక్కుతుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు నాన్నకి ఇవ్వనా అని అడక్కుండా ఫోన్ స్పీకర్లో పెట్టి టేబుల్ మీద పెట్టి వంటగదిలోకి వెళ్ళిపోండి, మొదట్లో "తిన్నావా", "ఆ తిన్నా" అంతే ఉంటుంది, అది చాలు. పాస్టర్ గారిని మధ్యవర్తిగా పిలవొద్దు, ఆయన జీతం డీకన్ల చేతిలో ఉంది, ఆయన్ని ఇరుకున పెట్టడం తప్ప ఒరిగేదేం లేదు.

క్రిస్మస్ ఆరాధనలో ట్రాకు వద్దు. కీర్తనల పుస్తకంలోది ఒక పాట, ఆ తబలా పెద్దాయన తాళం, పక్కన మీవాడి కీబోర్డు, ఆయన వేగానికి వాడు సర్దుకోవాలి. దానికి వాడు ముందే రెండ్రోజులు సెలవు పెట్టుకుని ఆయన ఇంటికెళ్ళి కూర్చుని నేర్చుకోవాలి, ఆ రాగాలు కీబోర్డు మీద అంత తేలిగ్గా పలకవు, వాడికే తెలుస్తుంది. తర్వాత ఆదివారం యవనస్థుల కూడికలో వాడి ప్యాడ్స్, ట్రాకు, వాడిష్టం, బావగారు వెళ్ళి వెనక బెంచీలో కూర్చోవాలి, చివరిదాకా. నచ్చకపోతే నచ్చలేదని ఇంటికొచ్చాక చెప్పొచ్చు, ప్లగ్గు జోలికి మాత్రం వెళ్ళకూడదు. ఇద్దరికీ కష్టంగానే ఉంటుంది, ఏ ఒక్కరికో కష్టంగా ఉంటే ఆ ఏర్పాటు నిలవదు.

అమ్మాయి విషయంలో మాత్రం ఇలా సర్దుబాటు లేదక్కా. అవిశ్వాసులతో జోడుగా ఉండొద్దన్న వాక్యం ఇక్కడ పనికిరాదు, ఆ పిల్ల విశ్వాసి అని మీరే రాశారు. మోషే కూషు దేశపు ఆమెని చేసుకున్నాడని మిర్యాము సణిగితే ఏమైందో సంఖ్యాకాండం పన్నెండులో ఉంది, మోషే పెళ్ళి మీద దేవుడు ఒక్కమాట అనలేదు, సణిగినామెకే కుష్ఠు వచ్చింది. ఆ పిల్ల గుణం చూడండి, వాళ్ళ ఇంటి వాతావరణం చూడండి, ఇద్దరూ కోపం వస్తే ఎలా మాట్లాడుకుంటారో చూడండి, వీటిలో ఏది నచ్చకపోయినా వద్దనే హక్కు మీకుంది, వాడికి చెప్పే హక్కూ ఉంది. కులం అన్న ఒక్కదాని మీద వద్దంటే మాత్రం బావగారు ఆ ఇంట్లో రాజీ అన్న మాట ఇంకెప్పుడూ వాడకూడదు, వాడినా వాడు వినడు, వాడే కాదు వాడి వయసు పిల్లలెవరూ వినరు. బంధువులు ఏమంటారోనని భయం ఉంటుంది, నాకు తెలుసు, మీ ఆడపడుచులు నోరు పెడతారు, సంఘంలో రెండు ఆదివారాలు గుసగుసలుంటాయి. క్లౌ దొరకి బడి ఖాళీ అయింది, మనకి పోయేది అంతకన్నా ఎక్కువేం కాదు.

ఇందులో బావగారు ఏమంటారు అన్నది తర్వాత, మీరేమంటున్నారు? ఉత్తరం మొత్తంలో ఆయన మాట ఉంది, వాడి మాట ఉంది, మీ మాట ఎక్కడా లేదు, రోజూ ప్రార్థన చేస్తున్నా అని తప్ప. చెయ్యండి, నేనూ చేస్తాను. కానీ మోకాళ్ళ మీద దేవునికి చెప్పుకునేది అన్నం వడ్డించేటప్పుడు మొగుడికి కూడా ఒకసారి చెప్పాలి కదా. మీకు ఆ పిల్ల నచ్చిందేమో అని నాకు అనిపించింది, "పిల్లే" అని రాసిన తీరులో.

వాడు దేవునికి దూరమవుతున్నాడా అన్నారు. దసరా సెలవల్లో బస్సులో ప్యాడ్స్ మోసుకొచ్చి సొంతూరి గుళ్ళో పాడాలనుకున్నవాడు, ప్లగ్గు పీకినా ఇంకా క్రిస్మస్‌కి రానా అని అడుగుతున్నవాడు, నిజంగా దూరమైనవాళ్ళు అడగరక్కా, చెప్పకుండానే గోవా వెళ్ళిపోతారు. రమ్మనండి. డిసెంబరు 23న సాయంత్రం హైదరాబాద్ నుంచి ఒంగోలుకి టికెట్లు దొరకవు, ఈ వారంలోనే బుక్ చేసుకోమనండి.